ఫిల్ము కవరు మీద పేరు



మీ చొక్కా జేబులోనో పర్సులోనో పాత బస్సు టికెట్టు ఒకటి ఉంటే బయటికి తీయండి. కండక్టరు చేతి మిషనులోంచి చింపి ఇచ్చిన టికెట్టు. ఇచ్చిన రోజు అక్షరాలు కాటుకలా నల్లగా ఉంటాయి. రెండు నెలలు పోయాక చూస్తే ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయామో కూడా తెలియదు, అంతగా వెలిసిపోతాయి. ఇప్పుడు ఆ టికెట్టు మీద గోటితో గట్టిగా ఒక గీత గీయండి. సిరా లేదు, పెన్ను లేదు, అయినా నల్లటి గీత పడుతుంది. రంగు ఆ కాగితం పూతలోనే దాగి ఉంది. వేడి తగిలితే బయటపడుతుంది. గోటి రాపిడికి పుట్టే వేడి చాలు దానికి.

బస్సు టికెట్టు వెలిసిపోతే మనకు వచ్చిన నష్టం లేదు. దిగాల్సిన చోట దిగిపోయాం. అదే కాగితం మీద మీ అమ్మ పేరు, వయసు, ఎక్స్‌రే నంబరు అచ్చువేసి ఆమె ఛాతీ ఫిల్ము కవరుకు అతికించారనుకోండి. ఆ కవరు ఇంకా ఎన్నో ఊళ్లు తిరగాలి, ఎందరో డాక్టర్ల చేతిలో పడాలి. ఈ పూట నేను మాట్లాడేది ఆ స్టిక్కరు గురించి, దాన్ని అచ్చువేసే చిన్న ప్రింటరు గురించి.

నేను అనంతపురం జిల్లాలో ఎక్స్‌రే, స్కానింగ్ గదుల్లో ఏళ్ల తరబడి పనిచేశాను. కొత్త సీటీ మిషను వస్తుందంటే పత్రికలో ఫోటో వస్తుంది, రిబ్బను కత్తిరిస్తారు. అది తీసిన బొమ్మ ఎవరిదో చెప్పే స్టిక్కరును మాత్రం స్టేషనరీ జాబితాలో గుండుసూదులకూ జిగురు సీసాలకూ మధ్య రాస్తారు. అయిదు సెంటీమీటర్ల పొడుగు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు. ఆ ముక్క తప్పయితే కోటి రూపాయల మిషను చెప్పిన నిజం వేరే మనిషి పేరుతో ఊరేగుతుంది.

1895 నవంబరు 8న జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్‌లో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త ఎక్స్ కిరణాలను కనుక్కున్నాడు. ఆ డిసెంబరు 22న తన భార్య చేతిని బొమ్మ తీశాడు. వేళ్ల ఎముకలు, వాటి చుట్టూ నీడలాంటి కండ, ఒక వేలికి నల్లగా ఉంగరం. ఆ పలకకు పేరు అక్కర్లేకపోయింది, ఉంగరమే పేరు. ఆ తర్వాత తీసిన కోట్లాది బొమ్మల్లో ఉంగరం లేదు. ఎముక చూసి మనిషిని గుర్తుపట్టడం ఎవరి వల్లా కాదు. అందుకే ఈ వృత్తిలో మొదటి రోజు నుంచీ పేరు పెద్ద సమస్య.

నేను చేరిన రోజుల్లో ఫిల్మును చీకటి గదిలో డెవలపరు, ఫిక్సరు తొట్లలో ముంచి తీసేవాళ్లం. ఎక్స్‌రే తీసేటప్పుడే క్యాసెట్టు మీద సీసపు అక్షరాలు పెడితే నంబరు బొమ్మలోనే తెల్లగా పడేది. కుడి అయితే ఆర్, ఎడమ అయితే ఎల్, అవీ సీసానివే. తీరిక లేకపోతే తడి ఫిల్ము అంచున సూదితో గీకి పేరు రాసేవాళ్లం. చూడ్డానికి బాగుండేది కాదు, కానీ చెరిగేది కాదు. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్ల నుంచి నడుము వంగిపోయిన పెద్దవాళ్లు వచ్చేవాళ్లు. ట్రంకుపెట్టెలోంచి ఇరవై ఏళ్ల నాటి వెన్నెముక ఫిల్ము తెచ్చి చూపేవాళ్లు. కవరు ఎప్పుడో చెదలు తినేసి ఉండేది, మూలన సూదితో గీకిన పేరు మాత్రం అలాగే ఉండేది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఎముక ఎంత గట్టిపడిందో డాక్టరు చూసేవారు. గీకిన ఆ నాలుగు అక్షరాల వల్లే ఆ పోలిక కుదిరేది.

డిజిటల్ వచ్చాక చీకటి గది పోయింది, తొట్లు పోయాయి. బొమ్మ కంప్యూటరులోకి చేరింది. పేరు మూడు నాలుగు చోట్ల ఉండడం మొదలైంది: కంప్యూటరులో ఒకటి, ఫిల్ము మీద ఒకటి, కవరు మీద స్టిక్కరు రూపంలో ఒకటి, కొన్నిచోట్ల రోగి మణికట్టు పట్టీ మీద ఇంకొకటి. ఎన్ని చోట్ల ఉంటే అన్ని చోట్ల తప్పు దూరే సందు ఉంది.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో జరిగింది చెబుతాను, దాని పేరు అవసరం లేదు. ఆ రోజు ఇద్దరు ఓబులేసులు వచ్చారు. మన దిక్కున ఓబులేసులకు, నరసింహులకు, ఎర్రిస్వాములకు, లక్ష్మీదేవమ్మలకు కొదవ లేదు కదా. వయసు అడిగితే ఇద్దరూ ఒకే మాట అన్నారు: "యాభై ఉంటాయి సామీ." రిజిస్టరులో ఇద్దరికీ యాభై అని పడింది. స్టిక్కరు మీద పేరు, వయసు బాగా కనబడ్డాయి. నంబరు మాత్రం కింద చిన్న అక్షరాల్లో, అదీ ప్రింటరు హెడ్డు అరిగి మధ్యలో తెల్లగీత పడి, మూడో ఎనిమిదో తెలియకుండా ఉంది. కవర్లు తారుమారయ్యాయి. టీబీ మచ్చలున్న ఊపిరితిత్తులు బాగున్న మనిషి చేతికి పోయాయి, శుభ్రంగా ఉన్న ఫిల్ము దగ్గే మనిషి చేతికి పోయింది.

అది ఎలా బయటపడిందో ఇప్పటికీ తలుచుకుంటాను. మందులు రాయించుకోబోతూ ఆ బాగున్న మనిషి మళ్లీ నా గది ముందు ఆగి, "నాకు దగ్గు లేదు సామీ, గుండెకాడ నొప్పి అని వస్తే ఆర్నెల్ల మందులంటున్నారు" అన్నాడు. ఫిల్ము తీసి లైటు బాక్సుకు పెట్టాను. ఎడమ కాలరెముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న గుర్తు ఉంది. "చిన్నప్పుడు భుజం విరిగిందా?" అని అడిగితే, "నాకెప్పుడూ ఏమీ విరగలేదు" అన్నాడు. పరుగెత్తి బస్టాండులో రెండో ఓబులేసును పట్టుకున్నాం. చొక్కా జరిపి చూస్తే కాలరెముక మీద బొడిపె. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డాడట. బస్సు పది నిమిషాలు ఆలస్యం కావడం వల్ల దొరికాడు. ఆ ఎముక విరగకపోయి ఉంటే నేను కనిపెట్టేవాణ్ని కాదు.

అప్పటి నుంచి స్టిక్కరు నాకు స్టేషనరీలా కనబడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఆసుపత్రులకు ఇచ్చిన సూచనల్లో ఒక మాట ఉంది. రోగిని గుర్తించడానికి కనీసం రెండు ఆధారాలు చూడాలి, వాటిలో గది నంబరు ఉండకూడదు. మంచం నంబరు మారిపోతుంది, మనిషి మారడు. మన జిల్లాలో పేరు, వయసు రెండు ఆధారాలుగా చాలవని ఆ ఓబులేసులే చెప్పారు. నంబరు ఉండి తీరాలి. పైగా ఎవరు ఏ వెలుతురులో చూసినా చదవగలిగేలా ఉండాలి.

ఇక ఆ కవరు పోయే దారి చూడండి. కుందుర్పి పక్కన ఒక పల్లె. నెల రోజుల నుంచి దగ్గుతున్న అవ్వను కొడుకు తెల్లారేలోపే లేపి, కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం తెస్తాడు. ఓపీ చీటీకి ఒక వరుస, డాక్టరు గది ముందు ఒక వరుస, ఎక్స్‌రేకు ఒక వరుస. చేతికి కవరు వస్తుంది. బయట మే నెల ఎండ. అవ్వ ఆ కవరును నెత్తికి అడ్డం పెట్టుకుంటుంది. చెమట చేతులతో పట్టుకుంటుంది, ఆ చేతులకు తలనూనె ఉంటుంది. పల్లెవెలుగు బస్సులో సీటు దొరక్క డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కవరు పెట్టి నిలబడతారు. ఆ మూత మీద చేయి ఆనిస్తే చురుక్కుమంటుంది. ఇల్లు చేరాక వానకు తడవకూడదని ప్లాస్టిక్ కవరులో చుట్టి, రేకుల కప్పు కింద దూలానికి తగిలిస్తారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది, తడిసే రోజులు తక్కువ, కాగే రోజులే ఎక్కువ. పంట పోయిన ఏడు కొడుకు కూలికి బెంగళూరు పోతే ఫిల్ము కూడా అతనితో బెంగళూరు పోతుంది. రోగం ముదిరితే కర్నూలు పెద్దాసుపత్రికి పోతుంది. ఒక్క స్టిక్కరు ఇంత దారిని తట్టుకోవాలి.

బస్సు టికెట్టు జాతి కాగితాన్ని డైరెక్ట్ థర్మల్ అంటారు. రిబ్బను అక్కర్లేదు, ప్రింటరు సులువు, ఖర్చు తక్కువ. ఓపీ కౌంటరులో టోకెన్లకు, ఆ పూటే పని తీరిపోయే రక్తపు సీసాల లేబుళ్లకు అది సరిపోతుంది. ఫిల్ము కవరుకు సరిపోదు. అరవై అయిదు, డెబ్బై డిగ్రీల వేడి దగ్గర కాగితమంతా నల్లబడడం మొదలవుతుంది. ఎండ, నూనె తగిలితే అక్షరం వెలిసిపోతుంది. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో కలిపే నూనెలాంటి పదార్థం ఊరి కాగితంలోకి దిగి అక్షరాన్ని తినేస్తుంది. అమ్మ జాగ్రత్తగా ప్లాస్టిక్ కవరులో దాచిందంటే, ఆ జాగ్రత్తే పేరును చెరిపేస్తుందన్నమాట. స్పిరిట్ తగిలితే ఇంకో వింత. ఒకసారి సీటీ గదిలో సూది గుచ్చబోతూ నర్సమ్మ స్పిరిట్ దూది పక్కన పెట్టింది. అది జారి స్టిక్కరు మీద పడింది. చూస్తుండగానే తెల్ల కాగితం బొగ్గులా అయింది. పేరు, నంబరు అన్నీ ఆ నలుపులో కలిసిపోయాయి. కరోనా తర్వాత ప్రతి బల్ల మీదా శానిటైజరు ఉంటోంది, అదీ స్పిరిటే. పైపూత వేసిన థర్మల్ కాగితం కొంత తట్టుకుంటుంది. మణికట్టు పట్టీలకు ఆ పైపూత రకమే వాడాలి. ఒకటి రెండు వారాలే ఉండే పట్టీకి అది చాలు.

రెండో రకం థర్మల్ ట్రాన్స్‌ఫర్. ఇందులో కాగితం మామూలుదే. పక్కనే రిబ్బను తిరుగుతుంది, ప్రింటరు హెడ్డు వేడికి రిబ్బను మీది నలుపు కరిగి కాగితానికి అంటుకుంటుంది. గోటితో గీస్తే గీత పడదు. ఫిల్ము కవరుకు, సీడీ కవరుకు, ఏళ్లపాటు ఉండాల్సిన దేనికైనా ఇదే మేలు. రిబ్బన్లలో మైనం రకం, మైనం-రెజిన్ కలిసిన రకం, అచ్చం రెజిన్ రకం ఉన్నాయి. మైనం రకం చవక, కానీ చెమట చేతుల రాపిడికి మసకబారుతుంది. కవర్లకు మైనం-రెజిన్ వాడితే ఆ అవ్వ ప్రయాణమంతా నిలుస్తుంది. అచ్చం రెజిన్‌ను పాలియెస్టర్ లేబుల్ మీద వాడాలి. అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో గడ్డలోంచి ముక్క తీసే పరీక్షలు ఉంటాయి కదా, ఆ ముక్క ఫార్మలిన్ డబ్బాలోకి పోతుంది, కణాల స్లైడ్లు ఆల్కహాల్‌లో మునుగుతాయి. అక్కడ మైనం అచ్చు పెడితే కరిగిపోతుంది. డబ్బా అన్నాక ఇంకొకటి చెప్పాలి: స్టిక్కరు డబ్బా ఒంటికి అంటించాలి, మూతకు అంటించకూడదు. ల్యాబులో నాలుగు డబ్బాల మూతలు ఒకేసారి తీస్తారు. తీసిన మూత తీసిన డబ్బాకే తిరిగి పడుతుందన్న హామీ ఎవరిస్తారు?

జిగురు సంగతి మన ఎండల్లోనే తెలుస్తుంది. వేడికి మెత్తబడే రబ్బరు జాతి జిగురు ఉన్న రోళ్లను రేకుల షెడ్డు స్టోరులో ఉంచితే మే నెలకు అంచుల్లోంచి జిగురు కారుతుంది. రోలు పక్కన వేలు పెడితే బంక. ఆ రోలు ప్రింటరులో పెడితే రోలరుకూ హెడ్డుకూ జిగురు పడుతుంది, దాని మీద దుమ్ము పేరుకుంటుంది. అక్రిలిక్ జిగురు రకం అంత కారదు. ఏ రకమైనా రోళ్లను నీడలో, చల్లగా, కవరు విప్పకుండా ఉంచాలి. ఏడాదికి సరిపడా ఒకేసారి కొని స్టోరులో గుట్ట పెట్టడం కంటే మూడు నెలలకొకసారి తెప్పించుకోవడం మేలు.

ఒక వేసవిలో నేను అయిదు రకాల స్టిక్కర్లు తెప్పించి పాత కవర్ల మీద అంటించాను. కొన్నిటిని మా మిద్దె మీద ఎండలో, కొన్నిటిని ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పెట్టాను. ఒక్కో రకాన్ని కొబ్బరినూనె వేలితో, స్పిరిట్ దూదితో తుడిచి చూశాను. నెల తర్వాత కవర్లన్నీ మా స్టోరు ఉద్యోగి ముందు పరిచాను. ధర తక్కువని ఆయన ఏటా తెప్పించే రకంలో పేరు లేదు, నంబరు లేదు, పసుపు కాగితం మాత్రం ఉంది. ఆయన మాట్లాడకుండా ఆ కవరును చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాతి ఇండెంటులో "థర్మల్ ట్రాన్స్‌ఫర్, మైనం-రెజిన్ రిబ్బనుతో" అన్న మాటలు ఆయనే రాశాడు.

కొనుగోలు చెడేది ఇండెంటు రాసే దగ్గరే. ప్రభుత్వ ఆసుపత్రి జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లో కొన్నా, ప్రైవేటు నర్సింగ్ హోము వీధి దుకాణంలో కొన్నా, జాబితాలో "బార్‌కోడ్ లేబుల్, 50–25, ఇన్ని రోళ్లు" అని ఒక్క వరుస రాస్తారు. ఆ వరుసకు అన్నిటికంటే చవకైనది వస్తుంది, రావాల్సిందే కదా, అడిగింది అంతే. ఏ రకం కాగితం, ఏ జిగురు, ఏ రిబ్బను, రోలు లోపలి గొట్టం ఒక అంగుళమా మూడు అంగుళాలా అన్నది రాయాలి. బల్ల మీద పెట్టుకునే చిన్న ప్రింటరుకు మూడు అంగుళాల గొట్టం రోలు పట్టదు. రిబ్బనుకు నలుపు లోపలి వైపా బయటి వైపా అన్నదీ రాయాలి. తప్పు వైపుది వస్తే స్టిక్కరు తెల్లగానే వస్తుంది, నలుపంతా హెడ్డుకు అంటుకుంటుంది. నమూనా రోలు తెప్పించి నెల రోజులు వాడి చూశాకే ఆర్డరు పెట్టమని అడిగే హక్కు ఎక్స్‌రే విభాగానికి ఉండాలి.

ప్రింటరు విషయంలో జీబ్రా, టీఎస్సీ, టీవీఎస్ అంటూ కంపెనీ పేర్లతో మొదలుపెడతారు. నన్నడిగితే ముందు అడగాల్సిన ప్రశ్న వేరు: ఇది తెలుగు అచ్చువేస్తుందా?

ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఈ ప్రింటర్లలో అక్షరాలు లోపలే నిల్వ ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి కాబట్టి ఇబ్బంది లేదు. మన అక్షరానికి గుణింతం పైన, ఒత్తు కింద రావాలి. లక్ష్మి అన్న పేరులో 'క' కింద 'ష' వత్తు, దాని వెంట 'మ' వత్తు. ఈ కూర్పు ప్రింటరుకు సొంతంగా రాదు. నేరుగా పంపితే ఒత్తులు విడిపోయి, పొల్లులు తేలిపోయి, లక్ష్మమ్మ పేరు ఏ భాషో తెలియని గుర్తులుగా వస్తుంది. అది చూసి "ఈ మిషనుకు తెలుగు రాదు" అని వదిలేసిన చోట్లు నాకు తెలుసు. దానికి దారి ఉంది. కంప్యూటరులోనే పేరును సరిగ్గా కూర్చి, దాన్ని బొమ్మగా మార్చి ప్రింటరుకు పంపాలి. ప్రింటరుకు అది అక్షరమని తెలియనక్కర్లేదు, చుక్కలు పొడిస్తే చాలు. సాఫ్ట్‌వేరు పెట్టే మనిషికి ఈ మాట ఒప్పందం రోజే చెప్పాలి, మిషను వచ్చాక చెబితే చేతులెత్తేస్తాడు.

చుక్కలంటే అంగుళానికి 203 చుక్కల రకం, 300 చుక్కల రకం దొరుకుతాయి. 203 అంటే మిల్లీమీటరుకు ఎనిమిది. మూడు మిల్లీమీటర్ల ఎత్తు అక్షరానికి ఇరవైనాలుగు చుక్కలే వస్తాయి. ఆ ఇరవైనాలుగులో అక్షరం, గుణింతం, ఒత్తు అన్నీ పట్టాలి. ఇంగ్లీషుకు ధారాళంగా సరిపోయేది మనకు ఇరుకవుతుంది. తెలుగు పేరు వేయాలనుకుంటే 300 చుక్కల ప్రింటరు కొనండి, లేదా పేరు వరుసను నాలుగు మిల్లీమీటర్లకు పెంచండి.

తెలుగు ఎందుకు, ఇంగ్లీషు చాలదా అని అడుగుతారు. బెంగళూరు డాక్టరు కోసం ఇంగ్లీషు ఉండాల్సిందే. కానీ కవరు సరైనదా కాదా అని మొదట సరిచూడగలిగేది దాన్ని చేత్తో అందుకునే మనిషి. ఆ అవ్వకు చదువు రాకపోతే పక్కనున్న మనవడు చదువుతాడు. వాడు చదువుకునేది తెలుగులో. వాడు "ఇది మా అవ్వ పేరు కాదు" అని కౌంటరు దగ్గరే అన్నాడంటే, ఏ కంప్యూటరూ పట్టని తప్పు అక్కడ పట్టుబడుతుంది. పైగా ఇంగ్లీషులో లక్ష్మీదేవి ఒక్కరే అయినా స్పెల్లింగులు నాలుగు. ఓపీ కౌంటరులో ఒకరు ఒక రకంగా కొడతారు, స్కానింగ్ గదిలో ఇంకొకరు ఇంకో రకంగా కొడతారు. కంప్యూటరుకు వాళ్లు ఇద్దరు లక్ష్మీదేవులు. 2007 ఏప్రిల్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ వైద్య పథకాన్ని మొదటగా పెట్టిన మూడు జిల్లాల్లో మనది ఒకటి, మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు. అప్పటి నుంచి ఫిల్ములు, రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పోవడం మొదలైంది. కార్డు మీద పేరుకూ ఫిల్ము మీద పేరుకూ ఒక్క అక్షరం తేడా వస్తే ఆపరేషను కోసం కూర్చున్న మనిషి ఇంకా కొన్ని రోజులు కూర్చోవాల్సి వచ్చేది.

పేరు ఒక్కసారే కొట్టాలి. కౌంటరులో ఒక మనిషి కొట్టిన పేరు మిషను దాకా దానంతట అదే పోవాలి. 1993లో వచ్చిన డైకామ్ అనే ఒప్పందపు భాషతో ఈ ఏర్పాటు సాధ్యమైంది, ఏ కంపెనీ మిషనైనా ఇప్పుడు ఆ భాష మాట్లాడుతుంది. టెక్నీషియను స్టిక్కరు మీది బార్‌కోడును చదివించి జాబితాలో ఆ మనిషిని తెరుస్తాడు, మళ్లీ టైపు చేయడు. అందుకు బార్‌కోడు స్కానరు చదివేలా ఉండాలి. చాలా ఆసుపత్రులు తప్పటడుగు వేసేది ఇక్కడే, నంబరును తయారుచేయడంలో.

కొందరు ఆసుపత్రి పేరులోని అక్షరాలు, సంవత్సరం, విభాగం, వరుస సంఖ్య కలిపి పదహారు అక్షరాల నంబరు కడతారు. కోడ్ 128 అనే గీతల పద్ధతిలో అక్షరాలూ అంకెలూ కలిసిన పదహారుకు 203 చుక్కల ప్రింటరులో చదవగలిగే సైజున దాదాపు 53 మిల్లీమీటర్ల పొడుగు కావాలి. మన స్టిక్కరే యాభై. అప్పుడు సాఫ్ట్‌వేరు గీతలను సగానికి నొక్కుతుంది, స్కానరు కీచుమనదు, టెక్నీషియను విసిగి చేత్తో టైపు చేస్తాడు. మళ్లీ మొదటికొచ్చాం. అదే అచ్చంగా అంకెలే అయితే పదింటికి ఇరవై మూడు మిల్లీమీటర్ల లోపే చాలు, అటూ ఇటూ తెల్లని ఖాళీకి ఇంకో అయిదు. పద్నాలుగు అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరు కూడా ఇరవై ఎనిమిదిలో ఇమిడిపోతుంది. కాబట్టి నంబరులో అంకెలే ఉంచండి, చిన్నగా ఉంచండి. ఆ తెల్లని ఖాళీని వృథా అనుకుని అందులో ఆసుపత్రి లోగో ఇరికించకండి, గీతలు ఎక్కడ మొదలయ్యాయో స్కానరు తెలుసుకునేది దానివల్లే.

మణికట్టు పట్టీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి పొడుగు బార్‌కోడు వంపు తిరిగి సగం దాక్కుంటుంది. సన్నని పిల్లల చేతులకు మరీను. అక్కడ క్యూఆర్ గళ్లు పెట్టండి. 1994లో జపాన్‌లో కారు విడిభాగాల లెక్క కోసం పుట్టిన గళ్లు అవి, ఇప్పుడు మన కూరగాయల బండి మీదా ఉన్నాయి. ఏ దిక్కు నుంచి చూపినా స్కానరు చదువుతుంది. ఎమ్మారై గదికి పోయే రోగి పట్టీకి ఇనుప బొత్తాము లేకుండా ప్లాస్టిక్ బొత్తామే ఉండేలా చూడాలి.

ప్రింటరుకు మన దిక్కున పెద్ద శత్రువు దుమ్ము. గాలి మొదలైందంటే కిటికీ సందుల్లోంచి ఎర్రమట్టి లోపలికి వచ్చేస్తుంది. స్టిక్కరుకూ స్టిక్కరుకూ మధ్య ఖాళీని కనిపెట్టే కన్ను ఒకటి ప్రింటరు లోపల ఉంటుంది. దానికి దుమ్ము పడితే పేరు ఒక స్టిక్కరు మీద సగం, రెండోదాని మీద సగం పడుతుంది. రోలు మార్చిన ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి బట్టతో హెడ్డు తుడవాలి. చాకుతో గీకకూడదు, ఎవరూ చూడనప్పుడు గీకేవాళ్లను చూశాను. ప్రింటింగులో నిలువునా సన్నని తెల్లగీత కనబడి, హెడ్డు తుడిచినా పోలేదంటే హెడ్డులో ఒక చుక్క కాలిపోయిందని అర్థం. ఓబులేసుల రోజున పడింది ఆ గీతే. అది కనబడిన రోజే హెడ్డు మార్చాలి. అందుకే కొనేటప్పుడే ఒక హెడ్డు అదనంగా తీసుకోమంటాను. కరెంటు పోయి వచ్చే చోట కంప్యూటరుకే గాక ప్రింటరుకూ యూపీఎస్ తీగ ఇవ్వండి.

స్టిక్కరు మీద ఉండకూడనిదీ ఒకటుంది. బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికి హెచ్ఐవీ, టీబీ రోగులు ఎంత దూరం నుంచి వస్తారో మీకు తెలుసు. ఆ రోగులు ఆ తర్వాత ఏ ఊరి ఎక్స్‌రే గదికైనా పోవచ్చు. వెనకటి రోజుల్లో కొన్నిచోట్ల కవరు మీద ఎర్ర చుక్క పెట్టేవాళ్లు. ఆ చుక్క బస్సులో ఊరంతటికీ కబురు చెప్పేది. 2017లో వచ్చి మరుసటి ఏడు అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ రహస్యాన్ని కాపాడాలని ఆసుపత్రిని ఆదేశిస్తుంది. కవరు పైన పేరు, నంబరు, తేదీ, తీసిన పరీక్ష చాలు. రోగం పేరు, రంగు గుర్తులు వద్దు. జాగ్రత్తలు అందరి దగ్గరా ఒకేలా తీసుకోవాలి.

ఇంట్లో ఫిల్ములున్నవారికి ఒక మాట. ఇప్పటి ఫిల్ము కూడా వేడితోనే బొమ్మ తేలే రకం. బస్సు ఇంజను మూత మీద, ఎండలో ఆపిన కారులో పెట్టకండి, నల్లబడిపోతుంది. కాగితపు కవరులోనే ఉంచి, బీరువాలోనో ట్రంకుపెట్టెలోనో నిలువుగా పెట్టుకోండి. కవరు చేతికొచ్చిన క్షణమే కౌంటరు ముందే పేరు, నంబరు చీటీతో సరిచూసుకోండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు. విసుక్కుంటే విసుక్కోనీయండి.

మొదటిసారి తెలుగు పేరుతో స్టిక్కరు అచ్చయిన రోజు, కవరు అందుకున్నది మడకశిర వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. వెంట పదేళ్ల మనవరాలు. ఆ పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది: "నా-గ-మ్మ." అవ్వ నవ్వలేదు, నా వైపు అనుమానంగా చూసింది. "నాగమ్మలు శానామంది ఉంటారు నాయనా. యా ఊరి నాగమ్మ అని రాసినారా?"

రాయలేదు. స్టిక్కరు మీద చోటు లేదని ఊరి పేరు వదిలేశాం. ఆసుపత్రి లోగోకు మాత్రం చోటు ఉంది. ఆ సాయంత్రం సాఫ్ట్‌వేరు అబ్బాయికి ఫోను చేసి లోగో తీయించాను. ఆ చోట ఇప్పుడు ఊరి పేరు పడుతుంది, తెలుగులో, నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున.